లేజర్ రేంజ్‌ఫైండర్‌తో దూరం సరిగ్గా కొలవడం ఎలా? లాంగ్ రేంజ్ టార్గెట్ షూటింగ్ చేసేవాళ్ల కోసం

రేంజ్‌ఫైండర్ బటన్ నొక్కితే క్షణంలో ఒక అంకె పడుతుంది. యంత్రం చెప్పింది కదా అని చాలామంది దాన్ని అలాగే నమ్మి స్కోప్ (రైఫిల్ మీది గురి దుర్బిణి) మరను ఆ దూరానికి తిప్పేస్తారు. కానీ మీ టార్గెట్ ఏదో యంత్రానికి తెలియదు. దాని లేజర్ వెళ్లి దేనికి తగిలి తిరిగొస్తే దాని దూరం చెబుతుంది. అది టార్గెట్ కావచ్చు, వెనకున్న మట్టి కట్ట కావచ్చు, మధ్యలో అడ్డొచ్చిన తుమ్మ కొమ్మ కావచ్చు. లేజర్ దేనికి తగిలిందో ఖాయం చేసుకోవడమే ఇందులో అసలు పని. కింద చెప్పేదంతా ఎక్కువగా దాని గురించే.

రైఫిల్ విషయంలో హద్దు ముందే చెప్పుకోవాలి. లైసెన్సున్న ఆయుధంతో, అనుమతి ఉన్న రేంజ్‌లో (కాల్పుల సాధన మైదానంలో), రేంజ్ ఆఫీసర్ కళ్ల ముందు తప్ప కాల్చడం ఉండకూడదు. ఊరవతల గుట్టలు ఖాళీగా ఉన్నాయి కదా అనే ఆలోచనే వద్దు. గుట్ట వెనక మేకలు కాసేవాళ్లుంటారు, బండకు తగిలిన తూటా ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం వైపైతే, అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టడమే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. దూరం కొలవడం నేర్చుకోవడానికి మాత్రం తుపాకీతో పనే లేదు. చెరువు కట్ట, కాలువ కట్ట, కోతలయ్యాక ఖాళీగా ఉన్న చెలక ఏదైనా సరిపోతుంది. రేంజ్‌కు పోయేముందు ఈ సాధన అక్కడ పూర్తిచేసుకుంటే మంచిది.

ఎంత ఖచ్చితంగా కొలవాలి

ఇది తెలియకపోతే అక్కర్లేని చోట గింజుకుంటారు, అవసరమైన చోట వదిలేస్తారు. .308 లాంటి క్యాలిబర్ (తూటా సైజు) రైఫిల్‌తో 300 మీటర్ల దగ్గర దూరాన్ని 10 మీటర్లు తప్పుగా కొలిచినా తూటా తగిలే చోటు సుమారు రెండున్నర సెంటీమీటర్లే పైకో కిందికో జరుగుతుంది. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్‌ఎస్‌ఎఫ్) 300 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 10 సెంటీమీటర్లు కాబట్టి అది పెద్ద లెక్క కాదు. అదే 10 మీటర్ల తప్పు 550 మీటర్ల దగ్గర ఏడు సెంటీమీటర్లు అవుతుంది. 900 దాటాక 20 సెంటీమీటర్లు మించిపోతుంది. దూరం పెరిగేకొద్దీ తూటా వేగం తగ్గి మరింత ఏటవాలుగా కిందికి దిగుతుంది, అందుకే తప్పు అంతగా పెరుగుతుంది.

చిన్న .22 క్యాలిబర్‌తో దూరం పెంచుకుంటూ పోయేవాళ్లకు ఈ బాధ చాలా ముందే మొదలవుతుంది. 100 మీటర్ల దగ్గర 5 మీటర్ల తప్పుకు రెండున్నర సెంటీమీటర్లు, 200 దగ్గర అదే 5 మీటర్లకు ఆరు సెంటీమీటర్ల దాకా తేడా వస్తుంది. ఇవన్నీ ఉజ్జాయింపు లెక్కలే. మీ తూటా బరువు, వేగాన్ని బట్టి కొంచెం మారతాయి. అర్థం చేసుకోవాల్సింది ఏమిటంటే, మామూలు రేంజ్‌ఫైండర్‌కు ఉండే ఒక మీటరు అటూ ఇటూ తేడా వల్ల మీ షాట్ పాడవదు. షాట్‌ను పాడుచేసేది 20, 30, 50 మీటర్ల తప్పు. అంత పెద్ద తప్పు యంత్రం నాణ్యత వల్ల రావడం అరుదు. లేజర్ వేరేదానికి తగిలితేనో, సెట్టింగ్ తప్పైతేనో వస్తుంది.

తెర మీద దశాంశం చూపించే మోడల్స్ ఉంటాయి, 412.3 అని. అది చదివే సూక్ష్మతే తప్ప నిజానికి అంత దగ్గరగా ఉందన్న హామీ కాదు. లేజర్ పోయి రావడానికి పట్టే సమయాన్ని బట్టి దూరం లెక్కగడతారు. మీటరు దూరానికి పోయి వచ్చే సమయం 6.7 నానోసెకన్లు. పది సెంటీమీటర్ల తేడా పట్టాలంటే నానోసెకనులో మూడింట రెండు వంతుల తేడాను పట్టాలి. కొన్ని ఖరీదైన పరికరాలు పడతాయి, చవకవి పట్టవు. టార్గెట్ షూటింగ్‌కు ఆ దశాంశం కోసం డబ్బు పోయనక్కర్లేదు. అదే డబ్బు సన్నటి బీమ్ (లేజర్ కిరణం) ఉన్న మోడల్ మీద పెట్టండి.

మొదటి పని: గజాలా, మీటర్లా

మన వైపు ప్లాటు కొలత ఇప్పటికీ గజాల్లోనే కాబట్టి ఈ మాట సులభంగా అర్థమవుతుంది. గజం అంటే 0.9144 మీటరు. చాలా రేంజ్‌ఫైండర్లు పెట్టెలోంచి తీసినప్పుడు గజాల్లో చూపిస్తాయి. బ్యాటరీ మార్చినప్పుడు కొన్ని తిరిగి గజాల్లోకే పోతాయి. తెర మూలన చిన్నగా వై అనో, ఎం అనో అక్షరం ఉంటుంది. ఎండలో అది కనిపించదు.

600 గజాలంటే 548.6 మీటర్లు. తెర మీద 600 చూసి మీటర్లనుకుని స్కోప్ తిప్పితే 51 మీటర్ల తప్పు, తూటా 40 సెంటీమీటర్ల దాకా పైకి పోతుంది. పట్టుకోవడం తేలిక. టేపుతో కొలిచిన 100 మీటర్ల దగ్గర తెర 109 చూపిస్తే యూనిట్ గజాల్లో ఉన్నట్టు. 300 దగ్గర 328 చూపిస్తుంది. రైఫిల్ స్కోప్, తూటా ఎంత కిందికి దిగుతుందో లెక్కగట్టే బాలిస్టిక్ యాప్, రేంజ్‌ఫైండర్ మూడూ ఒకే యూనిట్‌లో ఉండేట్టు పెట్టుకుని, పరికరం ఒంటి మీద చిన్న టేపు అంటించి ‘మీటర్లు’ అని రాసిపెట్టుకోండి.

కన్ను పెట్టి చూసే ఐపీస్ దగ్గర ఉండే డయాప్టర్ రింగును కూడా ఇప్పుడే తిప్పి సరిచేయండి. ఆకాశం వైపు చూస్తూ మధ్యలోని గుర్తు, అంటే రెటికిల్, పదునుగా కనిపించే దాకా తిప్పాలి. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ చూడొద్దు. లెన్సులోంచి సూర్యుణ్ని చూస్తే కన్ను పోతుంది.

రెండో పని: బీమ్ ఎక్కడుందో వెతకడం

ఎక్కువమంది వదిలేసేది, అందరూ తప్పక చేయాల్సింది ఇదే. మీరు చూసే రెటికిల్ వేరు, లేజర్ పోయే చోటు వేరు. ఫ్యాక్టరీలో రెండింటినీ కలుపుతారు గానీ పూర్తిగా కలవవు. పరికరం ఒకసారి కిందపడితే ఇంకా జరుగుతాయి. పైగా బీమ్ సన్నటి దారంలా పోదు, దూరం పెరిగేకొద్దీ వెడల్పవుతుంది. స్పెసిఫికేషన్‌లో బీమ్ డైవర్జెన్స్ అని మిల్లీరేడియన్లలో రాస్తారు. ఒక మిల్లీరేడియన్ (పొట్టిగా మిల్) అంటే 1000 మీటర్ల దగ్గర ఒక మీటరు. 2 మిల్లీరేడియన్ల బీమ్ 600 మీటర్ల దగ్గర 1.2 మీటర్ల వెడల్పుకు సాగుతుంది. టార్గెట్ ఫ్రేమ్ మొత్తాన్ని కప్పేస్తుంది. మనకు దొరికే వాటిలో ఎక్కువ భాగం 905 నానోమీటర్ల లేజర్ డయోడ్ వాడతాయి. వాటి బీమ్ చాలావరకు గుండ్రంగా ఉండదు, ఒకవైపుకు సాగిన పట్టీలా ఉంటుంది.

బీమ్‌ను వెతకడానికి నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో కావాల్సినంత సామగ్రి ఉంది. పొలం కంచెకు పాతిన రాతి కడీ కావాలి. చిన్న మిట్ట మీద పాతిన, వెనక ఆకాశం తప్ప ఇంకేమీ లేని కడీని ఎంచుకోండి. కడీ కుదరకపోతే కరెంటు స్తంభం చూసుకోండి. 100 నుంచి 150 మీటర్ల దూరంలో నిలబడి, రేంజ్‌ఫైండర్‌ను ట్రైపాడ్ మీద బిగించి, స్కాన్ మోడ్ పెట్టండి. స్కాన్ మోడ్‌లో బటన్ నొక్కి పట్టుకున్నంతసేపు అంకె మారుతూ ఉంటుంది.

రెటికిల్‌ను కడీకి బాగా ఎడమవైపు పెట్టి మెల్లగా కుడికి జరపండి. ఖాళీ ఆకాశంలో గీతలే కనిపిస్తాయి. అకస్మాత్తుగా దూరం పడుతుంది. ఆ క్షణంలో కడీ రెటికిల్‌లో ఏ చోట ఉందో గుర్తుపెట్టుకోండి. అలాగే జరుపుతూ పోతే ఒకచోట అంకె మాయమవుతుంది. అదీ గుర్తుపెట్టుకోండి. ఈ రెండింటికి సరిగ్గా మధ్యనే బీమ్ నడుము. ఉదాహరణకు కడీ రెటికిల్ గడిలో కుడి అంచుకు చేరినప్పుడు అంకె పడి, మధ్యకు వచ్చేసరికి పోయిందనుకోండి. మీ బీమ్ రెటికిల్ మధ్యకు కుడివైపు ఉన్నట్టు. కుడి నుంచి ఎడమకు జరుపుతూ ఇంకోసారి చేసి అదే చోటు వస్తోందో లేదో చూడండి.

పైకీ కిందికీ తెలియాలంటే వేరే వస్తువు అక్కర్లేదు. రేంజ్‌ఫైండర్‌నే ఒక పక్కకు 90 డిగ్రీలు పడుకోబెట్టి, అదే కడీ మీద అదే పని చేయండి. ఇప్పుడు వచ్చేది నిలువు తేడా. ఏ పక్కకు పడుకోబెట్టారో గుర్తుంచుకోకపోతే పైనా కిందా తారుమారవుతుంది. అందుకే పరికరం పైభాగంలో పెన్నుతో బాణం గీసుకుని మొదలుపెట్టండి.

తేలినదాన్ని చిన్న కాగితం మీద బొమ్మగా వేసుకోండి: రెటికిల్ గడి, అందులో బీమ్ ఉన్న చోట చుక్క. ఇకమీదట టార్గెట్ మీద పెట్టాల్సింది ఆ చుక్కను, రెటికిల్ నడుమును కాదు. చిన్న టార్గెట్ దూరం పడటం లేదని పరికరాన్ని తిట్టుకునేవాళ్లలో చాలామందికి ఈ ఒక్క పనితో సమస్య తీరుతుంది.

మూడో పని: తెలిసిన దూరం మీద పరీక్ష

50 మీటర్ల ఫైబర్ టేపు, కొన్ని మేకులు, తోడుగా ఒక మనిషి కావాలి. సూటిగా, సమంగా ఉన్న కాలువ కట్ట మీద 100, 200, 300 మీటర్ల దగ్గర మేకులు కొట్టండి. టేపు గాలికి ఊగకుండా నేలకు ఆనించి, రెండు చివరలా ఒకే బిగువుతో లాగాలి. ప్రతి 50 మీటర్లకు మేకు సరిగ్గా టేపు గీత దగ్గరే దిగాలి. పక్కకు జరిగితే తప్పు పోగవుతూ పోతుంది. ఆ మూడు చోట్లా ఒక తెల్లటి అట్టను వంతులవారీగా నిలబెట్టి కొలవండి.

మూడు చోట్లా ఒకే తేడా, అంటే 101, 201, 301 వస్తే అది స్థిరమైన తేడా. ప్రతి కొలత నుంచి ఒకటి తీసేస్తే చాలు. తేడా దూరంతోపాటు పెరుగుతూ పోతే ముందు యూనిట్ చూడండి, తర్వాత మీ టేపు కొలత మళ్లీ చూడండి. రెండూ సరిగ్గా ఉండి కూడా పెరుగుతుంటే ఆ పరికరం సర్వీసుకు పోవాల్సిందే.

రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లతో పరీక్ష చేద్దామనిపిస్తుంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ రాళ్లు జరిగి ఉండొచ్చు, హైవే అంచున కళ్లు లెన్సుకు పెట్టి నిలబడటం ప్రమాదం కూడా. టేపే మంచిది. ఫోన్‌లో ఉపగ్రహ పటం మీద దూరం కొలిచే పనిముట్టుతో రెండోసారి సరిచూసుకోవచ్చు. ఫోన్ జీపీఎస్ పాయింట్లతో మాత్రం వద్దు, ఒక్కో చివర కొన్ని మీటర్ల తేడా ఉంటుంది.

పట్టుకోవడం

ఒక మిల్ వణికితే 500 మీటర్ల దగ్గర బీమ్ అర మీటరు పక్కకు పోతుంది. నిలబడి ఒంటిచేత్తో పట్టుకుంటే ఆరు రెట్ల మాగ్నిఫికేషన్‌లో అంతకంటే ఎక్కువే వణుకుతుంది. 300 మీటర్లు దాటితే ట్రైపాడ్ తప్పనిసరి అనుకోండి. లేనప్పుడు కింద కూర్చుని రెండు మోచేతులు మోకాళ్ల మీద ఆనించండి, లేదా మడిచిన తువ్వాల మీద పెట్టి కడీకి ఆనించండి. బటన్‌ను ట్రిగర్ లాగినట్టే మెల్లగా నొక్కాలి, నొక్కాక కూడా ఒక సెకను కదలకుండా ఉండాలి. పరికరం ఒక్క మెరుపుతో కొలవదు, వరుసగా ఎన్నో పల్సులు పంపి లెక్క తేలుస్తుంది. ముందువైపు రెండు కళ్లుంటాయి, ఒకటి లేజర్ పంపేది, ఇంకోటి తిరిగొచ్చేది పట్టేది. వాటికి వేలు అడ్డం పడితే దూరమే పడదు. కారు అద్దంలోంచి కొలవొద్దు.

ప్రోన్ పొజిషన్‌లో పడుకుని అదే ఎత్తు నుంచి కొలవడం ఇంకో తప్పు. కన్ను నేలకు జానెడెత్తులో ఉన్నప్పుడు బీమ్ సగం దారిలో గడ్డి మొనలకు తగులుతుంది. కూర్చున్న ఎత్తులో కొలిచి, ఆ తర్వాత పడుకోండి. ట్రైపాడ్ ఫైరింగ్ లైన్ వెనక మూడు మీటర్ల దూరంలో ఉంటే మూడు తీసేయండి.

అసలు కొలత

రైఫిల్ ఖాళీగా, బోల్ట్ తెరిచి, ఫైరింగ్ లైన్ మీద ఉండగానే ఈ పని అయిపోవాలి. దూరం చూడటానికి రైఫిల్ ఎత్తొద్దు.

ఒక్కసారి నొక్కి వదిలేయొద్దు. కనీసం ఐదుసార్లు కొలవాలి, ప్రతిసారీ గురి తప్పించి మళ్లీ పెట్టి కొలవాలి. గురి కదపకుండా ఐదుసార్లు నొక్కితే ఒకే తప్పు ఐదుసార్లు వస్తుంది. ఐదు అంకెలు 412, 412, 437, 412, 413 అని వచ్చాయనుకోండి. సగటు తీస్తే 417. అక్కడ 417 మీటర్ల దగ్గర ఏ వస్తువూ లేదు. ఎక్కువసార్లు వచ్చిన 412 తీసుకోవాలి. 437 ఎక్కడిదో కనుక్కోవాలి. కావాలనే టార్గెట్ పక్క నుంచి వెనక మట్టి కట్ట మీద గురిపెట్టి కొలవండి. 437 వస్తే గుట్టు తేలిపోయింది, ఆ ఒక్కసారి బీమ్ ఫ్రేమ్ పక్క నుంచి జారి కట్టకు తగిలింది. తర్వాత టార్గెట్‌కు ముందున్న గెట్టు కొలవండి. అది 398 అనుకుంటే, టార్గెట్ 398కీ 437కీ మధ్యే ఉండాలి. ఆ హద్దుల బయట ఏ అంకె వచ్చినా పక్కన పడేయొచ్చు. ముందూ వెనకా ఉన్నవాటిని ఇలా కొలిచి టార్గెట్‌ను మధ్యలో బంధించే అలవాటు ఒక్కటుంటే మిగతా పొరపాట్లలో సగం వాటంతటవే బయటపడతాయి.

మోడ్ సంగతి. ఫస్ట్ టార్గెట్ అని ఒకటి, లాస్ట్ టార్గెట్ అని ఒకటి చాలా పరికరాల్లో ఉంటాయి. బీమ్‌కు రెండు మూడు వస్తువులు తగిలితే మొదటిది అన్నింటికంటే దగ్గరదాన్ని, రెండోది దూరందాన్ని చెబుతుంది. టార్గెట్ వెనక మట్టి కట్ట ఉండి ముందంతా ఖాళీగా ఉంటే ఫస్ట్ పెట్టండి. ముందు పొదలుండి వెనకేమీ లేకపోతే లాస్ట్. ముందు పొదలు, వెనక కట్ట రెండూ ఉంటే ఏ మోడ్ పెట్టినా నమ్మకం లేదు. అప్పుడు చోటు మార్చాలి, లేదా టార్గెట్ బలంగా కనిపించేట్టు చేయాలి.

బలంగా కనిపించేట్టు చేయడానికి రేడియం స్టిక్కర్ చాలు. లారీల వెనక, ఎడ్లబండికి అంటించే మెరిసే షీటే. వచ్చిన వెలుతురును వచ్చిన దారినే వెనక్కి పంపే గుణం దానికుంది. అడుగున్నర పలకకు అంటించి టార్గెట్ ఫ్రేమ్ పక్కనే, అదే వరుసలో కట్టండి. ఫ్రేమ్‌కు రెండు మీటర్లు ముందుగా పాతితే కొలత రెండు మీటర్లు తగ్గుతుంది. రేంజ్ ఖాళీగా, ఎర్ర జెండా ఎగరేసి, అందరూ ఆయుధాలు దించాకే ముందుకు నడవాలి. ప్యాకెట్ మీద రాసిన 1000, 1500 మీటర్లు సాధారణంగా ఇలాంటి మెరిసే పలక లెక్కే. మామూలు చెక్కకో బండకో సగం దూరం అందినా గొప్పే.

ఏది కనిపిస్తుంది, ఏది కనిపించదు

లేజర్ వాడే పరారుణ కాంతికి లోకం మన కళ్లకు కనిపించినట్టు ఉండదు. పచ్చటి ఆకు కంటికి ముదురుగా ఉన్నా పరారుణ కాంతిని బాగా తిప్పి పంపుతుంది. అందుకే పత్తి చేను మీదుగా, సీతాఫలం పొదల మీదుగా కొలిస్తే దగ్గరి ఆకులే ముందు తగులుతాయి. ఎర్ర నేల, మొరం కట్ట బాగా అందుతాయి. తడిసిన నల్లరేగడి బాగా అందదు. నిలిచిన నీళ్లు లేజర్‌ను అద్దంలా అవతలికి పంపేస్తాయి, చెరువు మీద గురిపెడితే అవతలి ఒడ్డు దూరం రావొచ్చు లేదా ఏమీ రాకపోవచ్చు. నున్నటి ఉక్కు పలకను ముందుకు వంచి వేలాడదీస్తే అదీ అంతే, మ్యాట్ తెల్ల రంగు వేస్తే పడుతుంది. కాగితం టార్గెట్‌లో తెలుపు బాగా పడుతుంది, నల్ల అచ్చు తక్కువ. గుండ్రటి బండ అంచు మీద గురిపెడితే బీమ్ సగం పక్క నుంచి జారిపోతుంది, ఎదురుగా ఉన్న ముఖం మీదే పెట్టండి. దూరంగా ఒంటరిగా నిలబడిన తాటి మాను మంచి గుర్తు, నిలువుగా, గరుకుగా ఉంటుంది.

మట్టిరోడ్డు మీద ట్రాక్టర్ పోయి దుమ్ము లేచినప్పుడు, తెల్లారుజామున మంచు పట్టినప్పుడు ఆగండి. టార్గెట్‌కు బదులు ఆ దుమ్ము, మంచు ఉన్న దూరమే తెర మీద పడుతుంది.

ఎండ

నల్లగొండ మే నెల ఎండలో పన్నెండు గంటలకు 500 మీటర్ల దగ్గర ఫ్రేమ్ నీళ్లలో నీడలా ఊగుతుంది. ఈ ఎండమావి వల్ల లేజర్ కొలిచే దూరం చెప్పుకోదగ్గంత మారదు. గాలిలో కాంతి వేగం తేడా చాలా తక్కువ. దెబ్బతినేది మీ గురి, అంచు ఎక్కడో కంటికి ఆనదు. రెండోది, మధ్యాహ్నం వెలుతురంతా రిసీవర్‌లోకి వచ్చి పడుతుంది కాబట్టి బలహీనంగా తిరిగొచ్చే లేజర్ అందులో కలిసిపోతుంది. ఉదయం 500 మీటర్లు అందిన టార్గెట్ మధ్యాహ్నం అందదు. పరికరం చెడిపోలేదు. పొద్దున్నే, లేదా సాయంత్రం ఐదు దాటాక కొలిచి రాసిపెట్టుకోండి, ఫ్రేమ్‌లు కదలవు కదా. సూర్యుడు టార్గెట్ వెనక తక్కువ ఎత్తులో ఉన్నప్పుడు కూడా ఇదే ఇబ్బంది.

ఎత్తుపల్లాలు

చదునైన రేంజ్‌లో దీని అవసరం రాదు. టార్గెట్ పైనో కిందో ఉంటే తూటా పడిపోవడాన్ని నిర్ణయించేది ఎక్కువగా అడ్డం దూరమే, ఏటవాలు దూరం కాదు. లెక్క సులభం: ఏటవాలు దూరాన్ని కోణం కొసైన్‌తో గుణించాలి. 500 మీటర్లకు 5 డిగ్రీల దగ్గర 498, 10 దగ్గర 492, 15 దగ్గర 483, 20 దగ్గర 470. ఐదు డిగ్రీల లోపు మరిచిపోవచ్చు, పదిహేను దాటితే వదలకూడదు.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు రెండుసార్లు సరిచేయడం. పరికరం ముందే అడ్డం దూరం లెక్కగట్టి 470 చూపిస్తుంది. ఆ 470ని, 20 డిగ్రీల కోణాన్ని కలిపి యాప్‌లో వేస్తే అది ఇంకోసారి తగ్గిస్తుంది. ఏటవాలు దూరం, కోణం రెండూ ఇవ్వండి, లేదా అడ్డం దూరం ఇచ్చి కోణం సున్నా పెట్టండి. మొదటి పద్ధతే మేలు, పరికరం లోపల ఏ లెక్క వేసిందో మీకు తెలియకుండా ఉండదు.

కోణం సెన్సర్ నిజం చెబుతోందో లేదో చూడటానికి ఇద్దరు కావాలి. ఏటవాలు నేల మీద పైన ఒకరు, కింద ఒకరు, ఒకే ఎత్తు కర్రలు పాతుకుని, కర్ర తల నుంచి కర్ర తలకు కొలవండి. కింద నుంచి ప్లస్ 6, పైనుంచి మైనస్ 4 వస్తే అసలు కోణం 5, సెన్సర్ ఒక డిగ్రీ ఎక్కువ చూపిస్తోంది. రాచకొండ, దేవరకొండ వైపు గుట్టల కింద ఉండేవాళ్లకు ఈ సాధనకు కొదవ లేదు.

వేరే దారిలో సరిచూడటం

మీ స్కోప్‌లో మిల్ గీతలున్న రెటికిల్ ఉంటే, ఫ్రేమ్ వెడల్పు తెలిసి ఉంటే లేజర్‌తో సంబంధం లేకుండా దూరం తేల్చవచ్చు. మీటర్లలో వెడల్పును 1000తో గుణించి మిల్స్‌తో భాగించాలి. 1.2 మీటర్ల ఫ్రేమ్ 2.4 మిల్స్ కనిపిస్తే 500 మీటర్లు. చదవడంలో ఒక్క పదో వంతు మిల్ తప్పితే 480 నుంచి 522 దాకా మారిపోతుంది, కాబట్టి దీన్ని కొలతగా వాడొద్దు, కాపలాగా వాడండి. లేజర్ 549 అంటూ మిల్స్ 600 అంటే రెండింట్లో ఒకటి తప్పు, లేదా ఎక్కడో గజాలు దూరాయి. అది తేలేదాకా కాల్చొద్దు. ఈ చూపు కూడా రేంజ్ ఆఫీసర్ అనుమతితో, టార్గెట్ల వైపు మనుషులెవరూ లేనప్పుడే.

రాసుకోవడం, దాచుకోవడం

ప్రతి టార్గెట్‌కు ఒక వరుస: ఎక్కడి నుంచి కొలిచారు, దేనికి కొలిచారు, వచ్చిన ఐదు అంకెలు, తీసుకున్న అంకె, యూనిట్, కోణం, వేళ. వేళ రాయడం మానొద్దు. ఇంకోరోజు అంకె పడనప్పుడు కారణం అందులోనే దొరుకుతుంది.

చాలా మోడల్స్‌కు 3 వోల్టుల సీఆర్2 బ్యాటరీ వేస్తారు. తెర గుర్తు ఇంకా సగం చూపిస్తున్నా దూరపు టార్గెట్లు పడటం తగ్గితే ముందు బ్యాటరీ మార్చి చూడండి, దగ్గరవి పడుతూ దూరంవి పడకపోవడమే నీరసపడిన బ్యాటరీ మొదటి లక్షణం. జేబులో కొత్తదొకటి ఉంచుకోండి, మార్చాక యూనిట్ మళ్లీ చూడండి. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద పరికరాన్ని వదిలితే ఎల్‌సీడీ తెర నల్లబడుతుంది. నీడలో చల్లారితే సాధారణంగా మామూలవుతుంది గానీ లెన్సుల అతుకులకు, బ్యాటరీకి అది మంచిది కాదు. లెన్సు మీద ఎర్రమట్టి దుమ్ము పడితే చొక్కా అంచుతో తుడవొద్దు, ఆ దుమ్ములో గరుకు రేణువులుంటాయి. ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాత మెత్తటి లెన్స్ గుడ్డతో తుడవండి. కిందపడితే, పడ్డది ఎంత చిన్న ఎత్తు నుంచైనా, కడీ పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయండి.